పది వాట్లే కదా

లైన్‌మన్ ఉద్యోగం పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా చుట్టుపక్కల వాళ్ళకి అతను లైన్‌మన్ గారే. కుడిచెయ్యి మోచేతి దగ్గర్నుంచి లేదు. ఉన్న చేత్తోనే సైకిలు తొక్కుతాడు, తాళం తీస్తాడు, స్క్రూడ్రైవరు తిప్పుతాడు. రాయడం మాత్రం పట్టుబడలేదు. రాయాల్సినవన్నీ భార్యే రాసిపెట్టేది.

ఊరి చివర రెండు గదులు, వంటిల్లు, వెనకాల మరో చిన్న గది వేసి ఇల్లు కట్టుకున్నారు. గుమ్మంలో నిలబడితే నలభై అడుగుల్లో కరెంటు స్తంభం. దరఖాస్తు పడేస్తే నాలుగు రోజుల్లో ఇంట్లో దీపం వెలుగుతుంది. అతను పెట్టనన్నాడు. పెట్టాలంటే ఆ ఆఫీసు మెట్లెక్కి, తనని తప్పుచేసినవాడని తేల్చిన అదే బల్ల ముందు నిలబడి, ఎడంచేతి వేలిముద్ర వేసి, అయ్యా నాకు కరెంటు ఇప్పించండి అని వేడుకోవాలి. ఆ పని ఈ జన్మకి జరగదన్నాడు.

"ఎదురుగా స్తంభం పెట్టుకుని ఈ సోలారు గొడవేంటండీ?" అని పక్కింటాయన అడిగాడు.

"ఆ స్తంభానికీ నాకూ మాటల్లేవండీ."

పక్కింటాయన నవ్వాడు. అతను నవ్వలేదు.

జరిగింది ఇదీ. తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, గాలికి తెగిన తీగ కలపడానికి స్తంభం ఎక్కాల్సొచ్చింది. ఎక్కేముందు నడుముకున్న వైర్‌లెస్ సెట్‌లో, లైన్ ఆపమని సబ్‌స్టేషన్‌ని అడిగాడు. అక్కడ డ్యూటీలో ఉన్న ఆపరేటరు పరాయివాడేం కాదు, భార్యకి స్వయానా తమ్ముడు. "లైన్ ఆపేశాను బావా, ఎక్కు," అన్నాడు. బావమరిదే చెప్పాడు కదా అని ఇతను ఎక్కేశాడు. పావుగంటకి పైఆఫీసు నుంచి ఎవరో గద్దించారు, అక్కడ కరెంటు ఎందుకు లేదని. ఆపరేటరు కంగారులో అదే లైన్‌కి కరెంటు వదిలేశాడు.

తెలివొచ్చేసరికి చెయ్యి లేదు. ఎంక్వయిరీలో సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ తిరగేశారు. లైన్ ఆపమని అడిగినట్టు ఒక్క ముక్క లేదు. సెట్‌లో చెప్పిన మాట గాల్లో మాటే కదా. "నన్నెవరూ అడగలేదు," అని ఆపరేటరు రాసిచ్చాడు. చెప్పకుండా స్తంభం ఎక్కాడు, తన ప్రాణం మీదికి తనే తెచ్చుకున్నాడు అని తేల్చి ఇతన్ని ఇంటికి పంపేశారు. పెద్దాఫీసులకి పదకొండు అర్జీలు పెట్టాడు. అన్నీ భార్య చేతిరాతే. ఒక్కదానికీ జవాబు రాలేదు.

అలాంటి మనిషి తన ఇంటికి తనే కరెంటు తయారు చేసుకుందామని కూర్చున్నాడు. కూర్చున్నాక ఊరికే కూర్చోలేదు. వారం రోజులు డాబా మీద సుద్దముక్క పట్టుకుని తిరిగాడు. పొద్దున ఏ గోడ నీడ ఎంతదాకా వస్తోంది, సాయంత్రం ఎటు పాకుతోంది, గంటగంటకీ గీత గీశాడు. నాలుగింటికల్లా ఆ కరెంటు స్తంభం నీడే వచ్చి సరిగ్గా డాబా నడిమధ్యన పడుతోంది.

"చచ్చినా వదలదు కదే ఇది," అన్నాడు కిందికి దిగి. ప్యానెళ్ళు ఆరడుగులు పక్కకి జరపాల్సి వచ్చింది.

సోలార్ షాపాయన వచ్చి ఇల్లు చూశాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. "ఇద్దరేగా మీరు. రెండు ప్యానెళ్ళు, నాలుగు బ్యాటరీలు. దర్జాగా సరిపోతాయి," అన్నాడు.

"ఎండ కాసిన రోజున సరిపోతాయి. ఎండ కాయని రోజున?"

"ఒకరోజు సర్దుకోవాలి మరి. అందరూ సర్దుకుంటారు."

"నేను సర్దుకోను. మూడు రోజులు సూర్యుడు మొహం చూపించకపోయినా ఫ్రిజ్ ఆగకూడదు. ప్యానెళ్ళ లెక్క ఎండాకాలానికి కాదు, ముసురు పట్టిన నెలకి వెయ్యండి. బ్యాటరీని సగానికి మించి పీల్చకూడదు. పీలిస్తే దాని ఆయుష్షు సగం."

షాపాయన తల గోక్కున్నాడు. "మీరే వేసి ఇవ్వండి సార్ లెక్క. సామాను నేను దింపుతాను," అని లేచిపోయాడు.

ఆ సాయంత్రం మొగుడూపెళ్ళాలు వరండాలో చాప వేసుకుని కూర్చున్నారు. అతను చెప్పడం, ఆవిడ రాయడం. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకి ఎన్ని గంటలు; రెండూ గుణిస్తే అది దాని రోజు తిండి. ఇంట్లో అందరి తిండీ కలిపితే ఎంత వండాలో తెలుస్తుంది. అలా విడమరిచి చెప్పాడు ఆవిడకి.

"లైట్లు అయిదు. ఒక్కోటి తొమ్మిది వాట్లు. అయిదు గంటలు."

"రెండు వందల పాతిక," ఆవిడ లెక్కల్లో చురుకు.

"ఫ్యాన్లు రెండు. తక్కువ తినే రకం, ముప్పై వాట్లు. పది గంటలు."

"ఆరు వందలు."

"చిన్న ఫ్రిజ్‌కి రోజుకి ఇంకో ఆరు వందలు. నీళ్ళ మోటారు ఇరవై నిమిషాలు, నూట డెబ్బై వేసుకో. మొదలయ్యేటప్పుడు అది ఐదింతలు గుంజుతుంది, ఇన్వర్టరు దానికి తట్టుకోవాలి. పక్కన రాయి, మూడువేల వాట్లది అని. మిక్సీ ఎంతసేపు తిప్పుతావు?"

"ఆరు నిమిషాలు."

"అంతసేపెందుకు?"

"మీ పళ్ళు గట్టివైతే మూడు చాలు."

అతను చాలా రోజుల తర్వాత పెద్దగా నవ్వాడు. అన్నీ కూడితే పదహారు వందల నలభై అయిదు. తీగల్లో, బ్యాటరీల్లో, ఇన్వర్టర్లో ఆవిరైపోయేదానికి నాలుగో వంతు కలిపితే రెండువేల పైచిలుకు, అంటే రోజుకి రెండు యూనిట్లు. మూడు రోజులకి ఆరు. సగానికి మించి పీల్చకూడదు కాబట్టి పన్నెండు. లెక్కకి ఏడు బ్యాటరీలు చాలు. కానీ అవి నాలుగేసి జట్లుగా కలపాలి, కాబట్టి ఎనిమిది. ప్యానెళ్ళు నాలుగు. అతనికి ఎక్కడో కడుపు నిండినట్టయింది. ఇన్నేళ్ళలో ఒక కాగితం మీద తను చెప్పింది చెప్పినట్టుగా, ఎవడి దయా లేకుండా, తేలింది.

పొద్దున్నే కాగితం చూసుకుంటే అడుగున ఇంకో మూడు వరసలున్నాయి. తను చెప్పినవి కావు. వెనక గది: లైటు తొమ్మిది వాట్లు, అయిదు గంటలు. ఫ్యాను ముప్పై వాట్లు, ఇరవై గంటలు. గాలిపరుపు మోటారు పది వాట్లు, ఇరవై నాలుగు గంటలు.

"ఏమే, ఇదెవరికి?"

ఆవిడ పొయ్యిగట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "తమ్ముడికి."

ఆపరేటరుకి ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. భార్య అంతకు ముందే పోయింది. కొడుకులిద్దరూ తలో ఊళ్ళో ఉన్నారు. తండ్రిని ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చి నెలకోసారి వచ్చి చూసిపోతున్నారు. ఆవిడ అప్పుడప్పుడూ వెళ్ళొస్తోందని అతనికి తెలుసు. ఎక్కడికని అతను అడిగేవాడు కాదు, ఆవిడ చెప్పేదీ కాదు.

"వీపంతా పుళ్ళు పడ్డాయండీ. గాలి నింపే పరుపు వెయ్యమన్నాడు డాక్టరు. దాని మోటారు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. అక్కడ ఎవరికి పట్టింది? ఎక్కువేం కాదు, చూశారుగా. పది వాట్లే కదా."

"పది వాట్లే," అన్నాడు అతను. "ఇరవై నాలుగు గంటలకి రెండు వందల నలభై. ఫ్యాను ఆరు వందలు. లైటు నలభై అయిదు. మనిద్దరం తినేదాంట్లో సగం పైన వాడొక్కడే తింటాడు. ఎనిమిది బ్యాటరీలు పన్నెండవుతాయి. నాలుగు ప్యానెళ్ళు ఆరవుతాయి. అయినా సరే, చేస్తాను. వాణ్ణి ఆఫీసుకొచ్చి చెప్పమను. బావ నన్నడిగాడు, ఆపానని చెప్పాను, మరిచిపోయి కరెంటు వదిలాను అని. ఆ మూడు ముక్కలు చెప్పమను."

"వాడికి మాట పడిపోయింది కదండీ."

"రాసివ్వమను."

"పడిపోయింది కుడివైపే."

అతనికి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. "భేష్. అయితే ఈ ఇంట్లో ముగ్గురికీ కలిపి కుడిచెయ్యి నీదొక్కటే."

ఆవిడ గుడ్డ కింద పెట్టి గట్టుకి ఆనుకుని నిలబడింది. "వాడు చెప్పాడండీ."

"ఎవరికి?"

"నాకు. మీకింకా తెలివి రాలేదు అప్పటికి. ఆసుపత్రి వరండాలో నా కాళ్ళు పట్టుకుని చెప్పాడు. బావ అడిగాడక్కా, మరిచిపోయానక్కా, రేపు పోయి ఉన్నదున్నట్టు రాసిచ్చేస్తాను అన్నాడు. నేనే వద్దన్నాను." తొమ్మిదేళ్ళుగా లోపల అనుకుంటున్న మాటలు కాబోలు, వరసగా వచ్చేశాయి. "మీ చెయ్యి ఎలాగూ పోయింది. వాడు రాసిస్తే వాడి ఉద్యోగమూ పోతుంది, జైలుకీ పోతాడు. చదువుకుంటున్న పిల్లలిద్దరు. ఒక కొంపయినా నిలబడనీ అనుకున్నాను. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తారనుకోలేదు. తీసేశాక చెబుదామంటే నోరు రాలేదు."

అతనికి పదకొండు అర్జీలు గుర్తొచ్చాయి. 'లైన్ ఆపేశానని ఆపరేటరు చెప్పాడు' అని తను చెబితే, 'నాకు గుర్తున్నంతవరకు' అని ఆవిడ ముందు తగిలించేది. 'అబద్ధం రాశాడు' అంటే 'పొరబడి ఉండవచ్చు' అని రాసేది. అదేమిటే అంటే, పెద్దలకి రాసేటప్పుడు మర్యాదగా ఉండాలండీ అనేది. నిజమే కాబోలనుకుని కింద వేలిముద్ర వేసేవాడు. తడిగుడ్డతో గొంతు కొయ్యడమంటే ఏమిటో అతనికి ఆ పూట అర్థమైంది.

నాలుగు రోజులు గడిచాయి. ఆవిడ కంచం పెడితే తిన్నాడు, చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెడితే పెట్టించుకున్నాడు. అయిదో రోజు కాగితం తెచ్చి ఆవిడ ముందు పడేశాడు.

"బ్యాటరీలు పన్నెండని దిద్దు. ప్యానెళ్ళు ఆరు."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీది పెద్ద మనసండీ."

"మనసూ లేదు, మట్టీ లేదు. వాడు నా కరెంటు మీద బతకాలి. పొద్దున్న కళ్ళు తెరిస్తే నా మొహం కనపడాలి. అందుకు రాయి."

ఆవిడ రాసింది.

సామాను దిగింది. షాపాయన మనుషులు ప్యానెళ్ళు బిగించారు గానీ లోపలి పనంతా అతనే దగ్గరుండి చేయించాడు. ప్రతి గదికీ, ప్రతి వస్తువుకీ విడివిడిగా స్విచ్చు పెట్టించి, ఏది దేనిదో చీటీ అంటించాడు. ఇల్లు వెలిగిన వారానికి ఆపరేటరుని ఆటోలో తీసుకొచ్చి వెనక గదిలో పడుకోబెట్టారు. మనిషి ఎండిపోయి ఉన్నాడు. నోరు ఒక పక్కకి జారిపోయింది. కళ్ళు మాత్రం మునుపటివే. మంచం కాళ్ళ దగ్గర మోటారు సన్నగా గురక పెడుతూ, పరుపులో ఒక వరస నింపుతూ ఒక వరస దించుతూ ఉండేది.

మర్నాటి నుంచి అతనికో అలవాటయింది. పొద్దున్నే మొహం కడుక్కుని వెనక గది గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఏరా, లైన్ ఆపావా?"

ఆపరేటరు గొంతులో ఏదో కదిలేది. మాట వచ్చేది కాదు. కళ్ళు మూసుకునేవాడు. అంతే, అతను వెళ్ళి కాఫీ తాగేవాడు. వంటింట్లో ఆవిడకి అన్నీ వినపడేవి. ఒక్కరోజు కూడా ఏమిటిది అని అడగలేదు. అడిగే మొహం తనకి లేదని ఆవిడకి తెలుసు, అతనికీ తెలుసు.

ఆరో నెలలో ముసురు పట్టింది. మొదటి మూడు రోజులు అతను లెక్క చెయ్యలేదు. దానికోసమే కదా ఇంత పెట్టింది. నాలుగో రోజు ఫ్రిజ్ ఖాళీ చేయించి ఆపేశాడు. అయిదో రోజు నీళ్ళ మోటారు, మిక్సీ బంద్. ఆవిడ పక్కింటి నుంచి బిందెతో నీళ్ళు మోసింది. పక్కింటాయన జాలిపడి, తమ ఇంట్లోంచి వైరు లాగుతానన్నాడు. అక్కర్లేదన్నాడు ఇతను. ఆరో రోజు తమ గదుల్లో ఫ్యాన్లూ ఆపేశాడు. ఆకాశం తడిసిన గోనెసంచిలా ఉంది. బ్యాటరీ మీటరు మీద అంకె మెల్లగా దిగుతోంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ బిందె తీసుకుని వెళ్ళింది. అతను స్విచ్చుల ముందు నిలబడ్డాడు. 'వెనక గది – పరుపు' అన్న చీటీ మీద ఆవిడ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

బ్యాటరీ పడిపోతోంది అనుకున్నాడు. బ్యాటరీ పోతే పన్నెండూ పోతాయి అనుకున్నాడు. స్విచ్చు కిందికి నొక్కేశాడు.

అయిదు నెలలుగా చెవిలో ఉన్న గురక ఆగిపోయింది. ఇల్లంతా చెవుడొచ్చినట్టయింది. అతను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. పరుపు నెమ్మదిగా దిగుతోంది. ఎముకలు, ఆ ఎముకల మీద పుళ్ళు, కింద చెక్కకి దగ్గరవుతున్నాయి. ఆపరేటరు కళ్ళు తెరిచాడు. మోటారు వైపు చూశాడు, తర్వాత ఇతని వైపు. అతను ఎదురుచూశాడు. వాడు భయపడాలి. బతిమాలాలి. ఉన్న ఎడంచెయ్యి ఎత్తి దణ్ణం పెట్టాలి. తొమ్మిదేళ్ళుగా అతను మనసులో చూసుకున్నది అదే.

వాడు భయపడలేదు. రావలసింది ఇన్నాళ్ళకి వచ్చిందన్నట్టు ఒక్క నిట్టూర్పు విడిచి, తల పక్కకి వాల్చి, నిమ్మళంగా కళ్ళు మూసుకున్నాడు. మొహంలో ఇన్ని నెలల్లో లేని తెరిపి.

అది చూసి అతనికి ఒళ్ళు మండిపోయింది. వీడికి ఇది వరమా? గబగబా వెళ్ళి స్విచ్చు పైకి వేశాడు. మొదటిసారి పడలేదు, రెండోసారి పడింది. గురక మళ్ళీ మొదలైంది.

వెనక్కి తిరిగితే ఆవిడ. బిందె చంకలోనే ఉంది. చీర అంచు నుంచి నీళ్ళు కారి కాళ్ళ చుట్టూ మడుగు కట్టాయి.

"ఎంతసేపయింది వచ్చి?"

"మీరు స్విచ్చు నొక్కినప్పుడే."

"మరి నోరెత్తలేదేం?"

ఆవిడ బిందె దించింది.

"బ్యాటరీ పడిపోతోంది," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. "ఏదో ఒకటి ఆపాలి కదా."

"లెక్క రాసింది నేనే కదండీ. మిగతావన్నీ ఆపేశాక ఆ మోటారొక్కటే అయితే వారం రోజులు తిరుగుతుంది." కోపంగా అనలేదు. కూడిక చెప్పినట్టు చెప్పింది. అతనికి ఆ సంగతి తెలుసు. స్విచ్చు మీద వేలు పెట్టేముందే తెలుసు.

ఆవిడ తడికాళ్ళతో వెనక గదిలోకి వెళ్ళి, తమ్ముణ్ణి పక్కకి ఒత్తిగిలించి, వీపు చూసి, దుప్పటి సర్ది వచ్చింది. వంటింట్లోకి పోతూ అతని దగ్గర ఆగింది.

"ఎవరికీ చెప్పనులెండి," అంది. "వాడిది దాచలేదూ? మీదీ దాస్తాను."

ఎనిమిదో రోజున ఎండొచ్చింది. ఫ్రిజ్ నడిచింది, ఫ్యాన్లు తిరిగాయి, మీటరు మీద అంకె పైకెక్కింది. ఆపరేటరు ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు. ఒక వేసవి తెల్లవారుజామున, ఆవిడ మొహం తుడవబోయేసరికి చల్లగా ఉన్నాడు. కొడుకులొచ్చారు, తీసుకెళ్ళారు. ఆ ఏడాదిన్నరలో లైన్‌మన్ గుమ్మం దగ్గర నిలబడి ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు. వాణ్ణి క్షమించాడని కాదు. నోరు తెరవబోతే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది. ఆ నిశ్శబ్దంలో అడగడం అతని వల్ల కాలేదు.

ఆ లెక్క మాత్రం ఊళ్ళో పేరు తెచ్చుకుంది. సోలార్ షాపాయన కొత్త బేరం వచ్చినప్పుడల్లా వాళ్ళని వెంటబెట్టుకొచ్చి చూపిస్తాడు. "సార్ ఒంటిచేత్తో పెట్టించిన సిస్టమండీ ఇది, ఇలాంటిది ఇంకోటి లేదు," అంటాడు. వాళ్ళు బ్యాటరీలు చూస్తారు, చీటీలు చదువుతారు, వెనక గదిలో వట్టి మంచాన్ని చూసి ఎవరిదని అడగరు. పోయేముందు అందరూ అడిగేది ఒకటే.

"ముసురు రోజుల్లో ఎప్పుడైనా ఆగిందాండీ?"

"ఒక్క నిమిషం కూడా ఆగలేదు," అంటాడు లైన్‌మన్.

ఆవిడ వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చి ఇస్తుంది. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.